సరిహద్దు అనే మాట: తాండూరు నించి తజికిస్తాన్ దాకా

సరిహద్దు అన్న మాట చూడ్డానికి అచ్చ తెలుగులా ఉంటుంది. 'సరి' అయిన 'హద్దు' అని ఎవరైనా విడగొట్టి చెప్తే కాదనడానికి నోరు రాదు, అంతగా మనలో కలిసిపోయింది. కానీ అది పారసీ నించి వచ్చిన మాట. సర్ అంటే తల, కొస. హద్ అంటే గీత, అదేమో అరబ్బీ నించి పారసీలోకి వచ్చింది. రెండూ కలిసి సర్‌హద్, మన నోట్లో పడి సరిహద్దు. వికారాబాద్ జిల్లాలో పొలం గెట్టు పంచాయితీలో వినపడేది ఇదే మాట. ఇక్కణ్ణించి రెండున్నర వేల కిలోమీటర్ల అవతల, తజికిస్తాన్‌లో పాస్‌పోర్టు మీద ముద్ర వేసే చోటుకీ ఇదే మాట.

తజికిస్తాన్ అంటే మనలో చాలామందికి మ్యాపులో ఎక్కడుందో కూడా తట్టదు. అఫ్గానిస్తాన్‌కి ఉత్తరాన, చైనాకి పడమట ఉన్న చిన్న దేశం. నేలలో 93 శాతం కొండలే అంటారు. 1991 దాకా సోవియట్ యూనియన్‌లో ఒక రిపబ్లిక్. వాళ్ళ తజికీ భాష పారసీలోనే ఒక రూపం. సరే, ఆ దేశానికీ మన తాండూరుకీ ఏంటి సంబంధం అంటారా? రెండున్నాయి. ఒకటి మాటల సంబంధం. రెండోది గీత సంబంధం. మన దగ్గర 1956లో, వాళ్ళ దగ్గర 1924లో భాషని చూపించి నేల మీద గీత గీశారు. కారణం రెండు చోట్లా ఒకటే చెప్పారు. తర్వాత జరిగింది మాత్రం ఒకటి కాదు. ఎందుకు కాలేదు అన్నదే ఇక్కడ నేను చెప్పదల్చుకున్నది.

ముందు మాటల సంగతి. ఇప్పుడు మనం పారసీ సాహిత్యం అని పిలిచే దానికి తొలి అండ దొరికింది ఇరాన్ నడిబొడ్డున కాదు. బుఖారా రాజధానిగా 9, 10 శతాబ్దాల్లో ఏలిన సామానీల దగ్గర. పారసీ కవిత్వానికి ఆద్యుడని చెప్పుకునే రూదకీ పుట్టింది పంజకెంత్ దగ్గర పంజ్‌రూద్ అనే పల్లెలో, అది ఇప్పటి తజికిస్తాన్. అక్కడ పెరిగిన రాత భాష గజనీ, ఢిల్లీ మీదుగా దక్కన్‌కి దిగింది. 1347లో బహమనీలు గుల్బర్గా రాజధానిగా రాజ్యం పెట్టుకున్నప్పుడు లెక్కలూ ఫర్మానాలూ పారసీలోనే. తాండూరుకి ఆ గుల్బర్గా ఒక పూట ప్రయాణం. తర్వాత కుతుబ్‌షాహీలు, ఆసఫ్‌జాహీలు.. హైదరాబాద్ రాజ్యంలో ప్రభుత్వ భాషగా పారసీ 1884 దాకా ఉండి, ఉర్దూకి చోటిచ్చింది. లెక్కేసుకుంటే ఐదువందల ఏళ్ళ పైమాటే.

అందుకే తాండూరు బజార్లో వినే మాటలు కొన్ని దుషాంబే బజార్లో కూడా వినపడతాయి. బజారు వాళ్ళకి 'బోజోర్'. దర్వాజ 'దర్వోజ'. హిసాబు 'హిసోబ్'. దుకాణం 'దుకోన్'. మనవాళ్ళు కందులు తూచే తరాజు 'తరోజు'. మన దఫ్తర్ ఆఫీసయితే, వాళ్ళ 'దఫ్తర్' బడిపిల్లల నోటుబుక్కు. అన్నిటికన్నా తమాషా అయినది 'దారు'. వాళ్ళకి 'దోరు' అంటే మందు, జ్వరానికి వేసుకునేది. 'దోరుఖోన' అంటే మందుల షాపు. మన వైపు దారు అంటే ఏంటో చెప్పక్కర్లేదు! కానీ తెలుగులో మాత్రం 'మందు' అన్న ఒక్క మాటే రెండు పన్లూ చేస్తోంది కదా, కాబట్టి మనం నవ్వడానికి లేదు. వాళ్ళు రొట్టె కాల్చే పొయ్యిని 'తనూర్' అంటారు, మన తందూర్ అదే. ఊరి పేరుకీ పొయ్యికీ ముడిపెట్టే పని మాత్రం నేను చెయ్యను.

ఇక నేల సంగతి. వికారాబాద్ రెండు వేల అడుగుల ఎత్తున ఉన్న ఊరు. పైగా వంశపు వికార్-ఉల్-ఉమ్రా పేరు మీద వెలిసింది. ఫలక్‌నుమా కట్టించి, 1890ల్లో హైదరాబాద్ దివాన్‌గా చేసినాయనే ఈయన. ఊరి పక్కనే అనంతగిరి కొండలు. పామీర్ల ముందు వీటిని కొండలనడం కూడా ఎక్కువే అనుకోండి, కానీ నీళ్ళు పంచే పని రెండూ చేస్తాయి. అనంతగిరిలో పుట్టిన మూసీ తూర్పుకి హైదరాబాద్ వైపు పోతుంది. అదే కొండల్లో పుట్టిన కాగ్నా పడమటికి తిరిగి తాండూరు, సేడం మీదుగా పోయి భీమలో కలుస్తుంది. ఒకప్పుడు రాష్ట్రకూటుల రాజధాని అయిన మాన్యఖేటం, ఇప్పటి మల్ఖేడ్, ఈ కాగ్నా ఒడ్డునే ఉంది. చివరికి రెండు నీళ్ళూ కృష్ణలోకే.

తాండూరు మట్టి, రాయి కూడా పడమటి వైపు వాటివే. ఇళ్ళల్లో పరిచే తాండూరు బండలు, అవతల వైపు షాబాద్ బండలు, రెండూ భీమా లోయ సున్నపురాయి పొరల్లోవే. నల్లరేగడిలో కందిపంట రెండు వైపులా. 1874లో సికింద్రాబాద్ నించి వాడికి నిజాం సొమ్ముతో రైలు వేసినప్పుడు అది వికారాబాద్, తాండూరు మీదుగానే పోయింది. వాడిలో బొంబాయి-మద్రాసు లైను తగులుతుంది. అంటే హైదరాబాద్ నగరం బయటి ప్రపంచాన్ని మొదట రైల్లో చూసింది తాండూరు కిటికీ లోంచే. తాండూరు తర్వాత నవాంద్గి, కురుగుంట, సేడం, చిత్తాపూర్, వాడి.. ఈ స్టేషన్ల మధ్య ఎక్కడో ఇప్పుడు రాష్ట్రం మారుతుంది. పట్టాల మీద దానికి గుర్తేమీ ఉండదు.

ఆ మార్పు వచ్చింది 1956 నవంబరు 1న. అంతకుముందు తాండూరు, కొడంగల్ రెండూ హైదరాబాద్ రాష్ట్రంలో గుల్బర్గా జిల్లా తాలూకాలు. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలో గుల్బర్గా జిల్లాని మైసూరుకిస్తూ, "కొడంగల్, తాండూరు తాలూకాలు తప్ప" అన్నారు. ఆ రెండూ ఆంధ్రప్రదేశ్‌కి వచ్చాయి. తెలుగు మాట్లాడేవాళ్ళు ఎక్కువన్నది ఆధారం. అదే పద్ధతిలో రాయచూరు జిల్లా నించి ఆలంపూర్, గద్వాల, బీదర్ జిల్లా నించి జహీరాబాద్, నారాయణఖేడ్ వచ్చాయి. కొన్ని చోట్ల తాలూకాని కూడా చీల్చి సర్కిల్ లెక్కన పంచారు, జహీరాబాద్ తాలూకాలో ఒక్క నిర్ణా సర్కిల్‌ని మినహాయించినట్టు. తెచ్చినవాటిలో కొడంగల్‌ని మహబూబ్‌నగర్ జిల్లాలో, తాండూరుని హైదరాబాద్ జిల్లాలో పెట్టారు. పక్కపక్క తాలూకాలు రెండు జిల్లాలయ్యాయి. తాండూరు 1978లో రంగారెడ్డి జిల్లాకి పోయింది. మళ్ళీ రెండూ ఒకే జిల్లాలోకి వచ్చింది 2016 అక్టోబరులో, వికారాబాద్ జిల్లా పుట్టినప్పుడు. సరిగ్గా అరవై ఏళ్ళు పట్టింది.

నా బతుకుతెరువు డేటాబేసులతో కాబట్టి నాకు ఇది వేరేలా కనపడుతుంది. 'భాష' అని ఒక కాలమ్ పెట్టి, అందులో ఒక్క విలువే పట్టేట్టు డిజైన్ చేశారనుకోండి. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం, కచేరీలో ఉర్దూ మాట్లాడే మనిషిని అందులో ఎక్కించాలంటే రెండు విలువలు చెరిపేయాలి. మనిషికి మూడు భాషలు ఉండడం తప్పు కాదు, కాలమ్ ఇరుకు. తాండూరు వైపు ఆ మూడే కాదు, తండాల్లో లంబాడీ, దుకాణాల్లో మరాఠీ, మార్వాడీ కూడా ఉన్నాయి. గీత గీసేవాడికి మాత్రం ఒకటే విలువ కావాలి. మన జనాభా లెక్కల్లో మాతృభాషతో పాటు వచ్చిన రెండో భాషని కూడా అడిగేవారు, 1951లోనూ అడిగారు. రెండో భాషకి లెక్కలో చోటు దొరికింది గానీ గీతలో దొరకలేదు.

ఇదే కాలమ్‌తో మధ్య ఆసియాలో ఏం జరిగిందో చూడండి. 1924లో సోవియట్ ప్రభుత్వం అక్కడి పాత రాజ్యాల్ని రద్దు చేసి జాతుల పేరుతో కొత్త గీతలు గీసింది. అప్పటిదాకా బుఖారా, సమర్‌ఖంద్ ఊళ్ళల్లో మనుషులు ఇంట్లో తజికీ, సంతలో ఉజ్బెకీ మాట్లాడేవాళ్ళు. ఎవరన్నా అడిగితే ఊరి పేరో, మతం పేరో చెప్పేవాళ్ళు. 1920 లెక్కలో సమర్‌ఖంద్ నగరంలో తజికులు 44 వేల పైచిలుకు, ఉజ్బెకులు 3 వేల పైచిలుకు. 1926 లెక్కకి వచ్చేసరికి తజికులు 10 వేల పైచిలుకు, ఉజ్బెకులు 43 వేల పైచిలుకు! ఆరేళ్ళలో మనుషులు మారలేదు, కాలమ్‌లో రాసింది మారింది. సమర్‌ఖంద్, బుఖారా ఉజ్బెకిస్తాన్‌కే పోయాయి. తజికులకి మిగిలింది కొండలు. మొదట ఉజ్బెకిస్తాన్ లోపలే ఒక స్వయంపాలిత ప్రాంతంగా, 1929లో ఖుజంద్ ప్రాంతాన్ని కలిపి విడి రిపబ్లిక్‌గా నిలబెట్టారు. రాజధానికని చెప్పుకోదగ్గ నగరం లేక దుషాంబే అనే ఊరిని ఎంచుకున్నారు. దుషాంబే అంటే సోమవారం. సోమవారం సంత జరిగే ఊరన్నమాట. రైలు కూడా అక్కడికి 1929లోనే చేరింది.

అసలు తజికులనే వాళ్ళు విడిగా ఉన్నారా అన్న వాదన కూడా నడిచింది ఆ రోజుల్లో. దానికి జవాబుగా సద్రుద్దీన్ ఐనీ అనే రచయిత రూదకీ నించి తన కాలం దాకా తజిక్ సాహిత్యాన్ని ఏర్చి 1926లో ఒక పెద్ద సంకలనం వేశాడు. మా భాష ఉంది అని రుజువు చెయ్యడానికి ఒక పుస్తకం కావలసి వచ్చిందన్నమాట. తమాషా ఏంటంటే ఐనీ బుఖారాలో చదువుకుని సమర్‌ఖంద్‌లో స్థిరపడ్డ మనిషి. రెండు ఊళ్ళూ గీతకి అవతలే పడ్డాయి.

సోవియట్ కాలంలో ఈ గీత వల్ల రోజువారీ బతుక్కి పెద్ద అడ్డం రాలేదు. దుషాంబే నించి ఖుజంద్‌కి రైలు ఉజ్బెకిస్తాన్ చుట్టూ తిరిగి వెళ్ళేది, ఎవరూ పట్టించుకోలేదు. మన సేడం దగ్గర రాష్ట్రం మారినట్టే. 1991లో యూనియన్ విడిపోయింది. కాయితం మీది గీత రాత్రికి రాత్రి అంతర్జాతీయ సరిహద్దు అయ్యింది. తజికిస్తాన్‌లో 1992 నించి 1997 దాకా అంతర్యుద్ధం. దుషాంబే-తాష్కెంట్ విమానాలు 1992లో ఆగితే మళ్ళీ ఎగిరింది 2017లో. 2000 ప్రాంతంలో ఉజ్బెకిస్తాన్ వీసాలు పెట్టింది, సరిహద్దు కొండల్లో మందుపాతరలు కూడా పెట్టింది. చనిపోయినవాళ్ళల్లో పశువులు కాసేవాళ్ళు, కట్టెలకి పోయినవాళ్ళు ఉన్నారు.

పంజకెంత్ నించి సమర్‌ఖంద్ అరవై కిలోమీటర్లు. వికారాబాద్ నించి హైదరాబాద్ ఎంతో దాదాపు అంతే. సంతకీ, ఆస్పత్రికీ, పెళ్ళి సంబంధాలకీ తరాల తరబడి పంజకెంత్ వాళ్ళకి సమర్‌ఖందే పట్నం. 2010లో ఆ దారి మూసేశారు. అవతల ఉన్న అక్కని చూడాలంటే కొండలెక్కి దిగి ఖుజంద్ వైపు నించి వందల కిలోమీటర్లు చుట్టు తిరగాలి. వాళ్ళ జరఫ్‌షాన్ నది మాత్రం ఏ వీసా లేకుండా పంజకెంత్ మీదుగా సమర్‌ఖంద్‌కి పారుతూనే ఉంది. జర్ అంటే బంగారం, మన జరీ అంచులోది అదే మాట. బంగారం వెదజల్లేది అని నది పేరు.

దేశం లోపలి ప్రయాణమే ఒక గండం. దుషాంబేకీ ఉత్తరాన ఖుజంద్‌కీ మధ్య అంజోబ్ కనుమ 3,372 మీటర్ల ఎత్తు. చలికాలం మంచు పడితే నెలల తరబడి బంద్. చుట్టూ తిరిగి పోదామంటే ఉజ్బెకిస్తాన్. అందుకని ఇరాన్ సాయంతో కొండ కింద ఐదు కిలోమీటర్ల సొరంగం తవ్వి 2006లో తెరిచారు. నీళ్ళు కారుతూ, గాలి ఆడక, మృత్యుసొరంగం అని పేరు తెచ్చుకుంది. దాన్ని బాగు చెయ్యడానికి ఇంకో పదేళ్ళు. 2012లో చైనా సాయంతో షహ్రిస్తాన్ సొరంగం వచ్చింది. ఒక దేశం తన రెండో పెద్ద ఊరికి తన నేల మీద నించే ఏడాది పొడుగునా వెళ్ళగలగడానికి స్వాతంత్ర్యం వచ్చాక ఇరవై ఏళ్ళు ఆగాల్సి వచ్చింది. భాషని చూసి గీసిన గీతలో దారి ఎటు పోతుందన్నది ఎవరూ చూడలేదు మరి.

ఇది చదివి, మన గీత ఎంత మంచిదో అనుకుని ఊరుకోవచ్చు. నిజమే, తాండూరులో ఎవరికీ వీసా అక్కర్లేదు. 1956కి ముందు ఎక్కిన రైలే తర్వాతా ఎక్కారు. అదే రూపాయి, అదే పోస్టు కార్డు. ఇది చిన్న విషయం కాదు. పైగా గీత వల్ల మేలు కూడా జరిగింది. తెలుగు మాట్లాడే ఇంటి పిల్లకి తెలుగు పాఠం చెప్పే పంతులు దొరికాడు, అర్జీ తెలుగులో పెట్టుకునే హక్కు వచ్చింది. భాషా రాష్ట్రాలు తప్పు అనే వాళ్ళతో నేను ఏకీభవించను. ఉర్దూ కచేరీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ రైతుని అడిగితే తెలిసేది ఆ విలువ.

అయితే గీత మన దగ్గర కూడా ఊరికే పడుకుని లేదు. ఒకే ఇంటి అక్కచెల్లెళ్ళు, ఒకరు సేడంలో, ఒకరు తాండూరులో మెట్టారనుకోండి. సేడం అక్క కొడుక్కి 371(జె) వర్తిస్తుంది. పాత హైదరాబాద్ రాజ్యపు వెనకబాటు చూసి, కర్ణాటకలో చేరిన ఆ జిల్లాలకి రాజ్యాంగ సవరణతో ఇచ్చిన చదువుల, ఉద్యోగాల కోటా అది. తాండూరు చెల్లెలి కొడుక్కి అది రాదు, అతనిది 371(డి) కింద జోన్ లెక్క. ఆ జోన్ కూడా ముందు జోగులాంబ, 2021లో చార్మినార్‌కి మార్చారు. వెనకబాటు ఇద్దరిదీ ఒకటే, అదే నిజాం, అదే గుల్బర్గా జిల్లా. కందిపప్పు సంగతీ అంతే. గుల్బర్గా కందిపప్పుకి 2019లో జీఐ ట్యాగ్ వచ్చింది, తాండూరు కందికి 2022లో వచ్చింది. కంది మొక్కకి ఏ రాష్ట్రమో తెలీదు, కానీ ట్యాగులు రెండు.

ఇంకోటి, 2020 లాక్‌డౌన్. ఎప్పుడూ కనపడని రాష్ట్రాల గీత ఆ ఏడాది వేసవిలో బారికేడ్లతో, చెక్‌పోస్టులతో లేచి నిలబడింది. కొడంగల్, తాండూరు వైపు నించి ముంబై, పుణెలకి కూలికి పోయేవాళ్ళు తరతరాలుగా ఉన్నారు. మామూలు రోజుల్లో రైలెక్కి రెండు రాష్ట్రాలు దాటినా ఎవరూ కాయితం అడగరు. ఆ ఏడాది అడిగారు. తజిక్ కూలీ రష్యాకి పోవాలంటే ప్రతిరోజూ ఉండే పరిస్థితి అది. వాళ్ళు పంపే డబ్బు ఈమధ్య కొన్నేళ్ళు దేశపు మొత్తం రాబడిలో సగానికి దగ్గర దాకా పోయింది, అంతమంది బయటే ఉన్నారు.

అన్నిటికన్నా లోతుగా తెగేది మాత్రం లిపి అని నా అభిప్రాయం. తజికులు పారసీ లిపిలో రాసేవాళ్ళు. 1928లో లాటిన్ లిపి పెట్టారు, 1940లో రష్యన్ అక్షరాలు పెట్టారు. పన్నెండేళ్ళలో రెండు సార్లు. తాత రాసింది మనవడికి చదవరాదు. మనకి ఇది జరగలేదనుకుంటాం. తాండూరు, వికారాబాద్ వైపు ఏ పాత ఇంట్లోనైనా పెట్టె తెరవండి. సేత్వార్ నకళ్ళు, పాత పహాణీలు, అమ్మకం కాయితాలు ఉర్దూలో ఉంటాయి. పక్కన పారసీ మాటలు. భూమి తగాదా వస్తే 1954-55 ఖాస్రా పహాణీ దాకా పోవాలి. ధరణి పోర్టల్ 2020లో వచ్చింది, దాని స్థానంలో 2025లో భూభారతి వచ్చింది. సాఫ్ట్‌వేర్ రెండు సార్లు మారినా, మూల కాయితం చదవడానికి ఉర్దూ వచ్చిన పెద్దాయన్ని వెతుక్కుని, ఆయన చెప్పిందే నమ్మాలి. వాళ్ళు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. తన పొలం ఎక్కడిదాకా అన్నది తను చదువుకోలేని మనిషికి సరిహద్దు అంటే ఏంటో ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

2018 మార్చిలో ఉజ్బెకిస్తాన్ కొత్త అధ్యక్షుడు దుషాంబే వచ్చాడు. పంజకెంత్-సమర్‌ఖంద్ దారి తెరిచారు, ముప్ఫై రోజుల దాకా వీసా లేదన్నారు. తర్వాత మందుపాతరలు కూడా తీసేశారు. గీత అంగుళం కూడా జరగలేదు, దాటడం మాత్రం మారింది. ముసలి అక్కచెల్లెళ్ళు ఎనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ అరవై కిలోమీటర్లలో కలుసుకున్నారు.

మన గీత గురించి కూడా నేననేది ఇంతే. తాండూరుని మళ్ళీ గుల్బర్గాకి ఇవ్వమని కాదు, ఎవరూ అడగడం లేదు కూడా. గీత పక్కన బతికేవాళ్ళ కోసం చెయ్యగలిగిన చిన్న పనులు కొన్ని ఉన్నాయి. ప్రతి తహసీల్ ఆఫీసులో ఉర్దూ పహాణీ చదివిపెట్టే మనిషి ఒకరు, ఆ చదివింది తెలుగులో రాసి సంతకం పెట్టే పద్ధతి ఒకటి. గీతకి రెండు వైపులా ఉన్న బళ్ళల్లో పక్క భాష నేర్చుకునే వీలు. కందులు కొనే రోజుల్లో అటూ ఇటూ పొలం ఉన్న రైతుని దొంగలా చూడని చెక్‌పోస్టు. ఇవేవీ రాజ్యాంగ సవరణలు కావు. ఉర్దూ చదివే పెద్దాయన ఉన్నప్పుడే మొదటిది చేసుకుంటే మంచిది, మిగతావి తర్వాతైనా పర్లేదు.